చేతివరస

సంచి నేనే సర్దాను. రెండు లుంగీలు, పొడుగు చేతుల చొక్కా, తలకు చుట్టుకునే తువ్వాలు, తడి తగలకుండా మూతడబ్బాలో బీడీలు, అగ్గిపెట్టెలు. చింతకాయ పచ్చడి సీసాను పాలిథిన్ కవర్లో కట్టి, దాన్ని మళ్ళీ చొక్కాలో చుట్టి మధ్యలో పెట్టాను. నా కొడుకు సింహాద్రి చేపల వేటకు వెళ్ళినప్పుడల్లా సంచి నేనే సర్దుతాను. సర్దడం అయ్యేదాకా మనిషి ఇంట్లోనే ఉంటాడు కాబట్టి మెల్లగా సర్దుతాను.

"అంత పచ్చడేటే అమ్మా! బోటుమీద ఎవులికైనా పెళ్ళి సేత్తన్నామేటి?" అన్నాడు వాడు గుమ్మంలో కూర్చుని.

"నువ్వు తినకపోతే మిగతావోళ్ళకి ఎట్టు. సీసా మట్టుకు ఎనక్కి తే."

"సూసినావా, సీసాకోసం బెంగ గానీ కొడుకుకోసం కాదు," అని భార్య నూకాలు వైపు చూసి నవ్వాడు. నూకాలు నవ్వలేదు. పొయ్యి దగ్గర బూడిద ఎత్తుతూ ఉండిపోయింది.

వేటకు బయల్దేరే మనిషిని ఎక్కడికి అని గానీ, ఎప్పుడొస్తావు అని గానీ మా ఒడ్డున ఎవరూ అడగరు. నా మనవరాలు ఆశ మూడో తరగతి చదువుతోంది. బడి బూట్లకు తెల్లరంగు రాసుకుంటూ, తల కూడా ఎత్తకుండా, "నాన్నా, మల్ల ఎప్పుడొత్తావు?" అని అడిగేసింది. నేను దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టేలోపే మాట వచ్చేసింది.

సింహాద్రి పట్టించుకోలేదు. "ఓలి గుంటా, ఈపాలి ఒడ్డు ఎక్కగానే తిన్నగా మీ బడి గేటుకాడికే వొచ్చెత్తాను. నానే అందుకుంటాను నిన్ను. నాను వొచ్చీదాకా ఎవులికీ సెయ్యి ఇవ్వకు."

"మామ్మకి?"

"ఈ ముసిల్దానికి అసలివ్వకు. సెయ్యి సేపల కంపు."

అది పకపకా నవ్వింది. వాడు సంచి భుజాన వేసుకుని హార్బరు వైపు నడిచాడు. వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. నా జీవితంలో మనుషుల మొహాలకంటే వీపులే నాకు బాగా గుర్తు. పెళ్ళయి పారాదీప్ వెళ్ళిపోయిన మా అక్క వీపు, గుజరాత్ బోట్లకు కూలికి వెళ్ళిన మా ఆయన వీపు. ఎవరినీ వెనకనుంచి పిలవలేదు. పిలవకూడదంటారు.

మా వీధికి ఎగువన, పాత చర్చి పక్కన ఉన్న బడిని అందరం మరియమ్మ బడి అంటాం. దానికి అసలు పేరు వేరే ఉంది, బోర్డు మీద రాసి ఉంటుంది. అయిదో తరగతి దాకానే. అక్కడ చదివే పిల్లలు రెండు రకాలు. కిందనుంచి వచ్చే మా ఒడ్డు పిల్లలు, పైనుంచి వచ్చే పోర్టు క్వార్టర్స్ పిల్లలు. క్వార్టర్స్ వాళ్ళలో చాలామంది గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్ళు. పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. తల్లిదండ్రులం మాత్రం, మీటింగు పెడితే, మధ్యలో దారి వదిలి ఆ పక్క వాళ్ళూ ఈ పక్క మేమూ కూర్చునేవాళ్ళం. ఎవరూ అలా కూర్చోమనలేదు. అలవాటు.

అంతకు ముందు ఏడాది గాలివానకు బడి పైకప్పు రేకులు లేచిపోయాయి. ఇక ఈ బడి మూసేద్దాం అని సిస్టర్ల పెద్దలు వేరే ఊరినుంచి రాశారట. హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ ఇన్నాసమ్మ ఆ సంగతి దాచకుండా మీటింగులో చెప్పేసింది. చెప్పి, "నా ఒక్కదాని వల్ల కాదు. టీచర్ల వల్ల కూడా కాదు. మీరు పిల్లల్ని పంపడమే కాదు, మీరూ రావాలి," అంది.

క్వార్టర్స్ తరఫున మోహనకృష్ణగారు లేచారు. పోర్టు ఆఫీసులో పని. ఎవరెవరికి అర్జీలు పెట్టాలో చక్కగా చెప్పుకొచ్చారు. ఆయన అయ్యేదాకా ఆగి, మావాడు అప్పలసూరి లేచాడు. "అర్జీలు పెడదాం బాబూ, కాదన్ను. సిస్టరమ్మ తెప్పించిన రేకులు లారీమీద వచ్చున్నాయి. మన సందులోకి లారీ దూరదు. ఆటిని దించీది ఎలగ?"

అలా మొదలైంది బడిలో చేతివరస.

అది హార్బరులో మేం రోజూ చేసే పని. బోటుకీ జెట్టీకీ మధ్య సందు ఉంటుంది. బోటు ఊగుతూ ఉంటుంది. చేపల బుట్టలు చేతినుంచి చేతికి అందుకుంటూ వరసగా నిలబడతాం. అందుకున్నవాడు "అందినాది" అనేదాకా, ఇచ్చేవాడు వదలకూడదు. చెయ్యి తగిలింది కదా అని వదిలేస్తే బుట్ట నీళ్ళలోకే. మొహం చూడం, మాటే వింటాం. చూసేంత తీరిక ఉండదు.

ఆ రోజు లారీ దగ్గర్నుంచి బడి వాకిలి దాకా రెండు రకాల వాళ్ళమూ నిలబడ్డాం. మోహనకృష్ణగారు ఇస్త్రీ చొక్కాతోనే నిలబడ్డారు. మొదటి రేకే మాట వినకుండా వదిలేశారు. అది అప్పలసూరి కాలిమీద పడబోయి తప్పింది.

"మాట ఇనకుండా ఒగ్గెత్తావేటి బావా! నా కాలు ఏ అర్జీ ఎట్టుకుంటే వత్తాది?"

బావా అనిపించుకున్నందుకో, అరిపించుకున్నందుకో ఆయన మొహం ఎర్రబడింది. సాయంత్రానికి ఆయనే "బావా, కొంచెం పైకెత్తు," అంటున్నారు. కానీ వరస మధ్యలో, వాళ్ళు అయిపోయి మేం మొదలయ్యేచోట, ఎప్పుడూ ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉండిపోయేది. ఆ ఖాళీలో సిస్టర్ ఇన్నాసమ్మ కొంగు బిగించి నిలబడేది. ఒక చెయ్యి అటు, ఒక చెయ్యి ఇటు.

రేకుల తర్వాత గేటు సంగతి వచ్చింది. ఒకటో తరగతి పిల్లాడొకడు ఎవరూ చూడకుండా బయటికి నడిచి, పోర్టు రైలు పట్టాల దాకా వెళ్ళిపోయాడు. దొరికాడు గానీ, బడి మొత్తం వణికింది. అప్పుడే మా ఆడవాళ్ళం చెప్పాం. బుట్టను ఇచ్చినట్టే పిల్లను ఇవ్వండి అని. అప్పటినుంచి బడి వదిలేటప్పుడు గేటు దగ్గర ఒక టీచరు, ఒక తల్లో మామ్మో నిలబడతారు. పిల్ల చెయ్యి తీసి వచ్చినవాళ్ళ చేతిలో పెడతారు. వాళ్ళు "అందింది" అంటేనే వదులుతారు. క్వార్టర్స్ వాళ్ళు అందింది అంటారు, మేం అందినాది అంటాం. నాకు చదవడం నాకు నేనుగా వచ్చింది, పూర్ణా మార్కెట్ పొట్లాల కాగితాల మీద. ఆ బడిలో నేను చదువుకోలేదు. అయినా గేటు దగ్గర నా వంతు వచ్చిన రోజు అది నా బడే అనిపించేది.

సింహాద్రి వెళ్ళాక, కొద్దిరోజులకే వాయుగుండం అన్నారు. పేపర్లో వచ్చింది చదివాను. మిగతా బోట్లు ఒక్కొక్కటీ హార్బరుకు చేరాయి. వాడి బోటు చేరలేదు. ఫోను మోగడం మానేసింది. వెతికే వాళ్ళు వెతికారు, తిరిగి వచ్చారు. మా ఒడ్డున ఇలాంటప్పుడు ఎవరూ ఏ మాటా అనరు. నూకాలు గాజులు తియ్యలేదు. నేను తియ్యమనలేదు. వెనక ఇంటివాళ్ళు రేడియో పెట్టుకోవడం మానేశారు.

ఆశ ఏడవలేదు. అదే నన్ను భయపెట్టింది. బడి వదిలాక గేటు దగ్గర చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడేది. అనూరాధ టీచరు దాని చెయ్యి తీసి నా చేతిలో పెట్టబోతే గుప్పిట బిగించేది.

"నాన్న వొత్తాడు. ఎవులికీ ఇవ్వొద్దన్నాడు."

రోజూ మణికట్టు పట్టుకుని లాక్కొచ్చేదాన్ని. అందినాది అనడానికి నా నోరు రాలేదు. అది అందలేదు కదా.

ఒక మధ్యాహ్నం అనూరాధ టీచరు నన్ను బడికి రమ్మని కబురు పెట్టింది. ఆవిడ నెమ్మదైన మనిషి, గట్టిగా మాట్లాడదు. ఆ రోజు అసలు గుసగుసగా మాట్లాడింది.

"మామ్మగారూ, అన్నాల బెల్లు కొట్టాక ఆశ కనపడలేదు. చూస్తే వెనక చిన్న గేటు దగ్గరుంది."

బడి వెనక ఇనప ఊచల చిన్న గేటు ఒకటుంది. అవతల మురుగు కాలువ, దాని అవతల గట్టు, అక్కడినుంచి సముద్రం. ఆ గేటు ఎవరూ తెరవరు.

"ఊచల్లోంచి చెయ్యి బయటికి పెట్టి నిలబడింది, మోచెయ్యి దాకా. అరచెయ్యి పైకి. ఏం చేస్తున్నావే అంటే, నాన్న చెయ్యి అడుగుతున్నాడు, అందటం లేదు అంది." టీచరు పక్కనున్న ఆశను నా ముందుకు జరిపింది. "ఆ చెయ్యి తడిగా ఉంది మామ్మగారూ. వాన లేదు. కుళాయి అటువైపు లేనేలేదు."

ఆశ చెయ్యి తీసుకుని వాసన చూశాను. ఉప్పు. డీజిలు. ఆ రెండూ కలిసిన వాసన మా ఇంట్లో దండెం మీద ఎప్పుడూ ఉండేదే. నీళ్ళలో ఒంటరిగా ఉండిపోయినవాళ్ళు ఇష్టమైనవాళ్ళ చెయ్యి అడుగుతారని మా అమ్మ అనేది. చెడ్డతనంతో కాదు, ఉండలేక అడుగుతారట. ఇచ్చినవాళ్ళు మాత్రం మళ్ళీ ఒడ్డున కనపడరు.

నా కొడుకు వచ్చాడని సంతోషించాలో, మనవరాలిని దాచుకోవాలో నాకు తెలియలేదు. ఆ సాయంత్రమే సిస్టర్ ఇన్నాసమ్మతో ఉన్నదున్నట్టు చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"మీరన్నది నిజమో కాదో నాకు తెలియదు గురువమ్మగారూ. పిల్ల ఒంటరిగా ఉండకూడదన్నది మాత్రం నిజం. అది మనం చెయ్యగలం," అంది.

చేశారు. మర్నాటినుంచి ఆశను అనూరాధ టీచరు తన బల్ల పక్కనే కూర్చోబెట్టుకుంది. అన్నాల వేళ క్వార్టర్స్‌నుంచి కామేశ్వరిగారు వచ్చి దాని పక్కన కూర్చునేది. కామేశ్వరిగారిది కాకినాడ వైపు. వాళ్ళ అమ్మాయి ఆశ తరగతే. నోటికి తాళం ఉండదు, ఆశ చేత కూడా నాలుగు మాటలు అనిపించేది. అప్పలసూరీ మోహనకృష్ణగారూ కలిసి, మిగిలిపోయిన రేకు ఒకటి వెనక గేటుకు అడ్డంగా బిగించేశారు. సిస్టర్ ఆ గేటు దగ్గర జపమాల తిప్పుతూ నిలబడటం చూశాను. నేను అక్కడే నిమ్మకాయ కోసి పెట్టాను. ఆవిడ చూసి కూడా చూడనట్టు వెళ్ళిపోయింది.

రేకు బిగించిన తర్వాత, మధ్యాహ్నాలు, అది చప్పుడు చేసేది. అరచేత్తో తట్టినట్టు. తట్టి, కాసేపు ఆగి, మళ్ళీ తట్టినట్టు. పిల్లలు క్రిస్మస్ పాటలు నేర్చుకుంటూ ఉండేవారు. చప్పుడు వినగానే ఆశ ఒక్కతే పాడటం ఆపేది.

"సముద్రపు గాలండీ. రేకు కదా," అన్నారు మోహనకృష్ణగారు.

అందరం అవునన్నాం. వరండాలో కట్టిన కాగితం నక్షత్రం కదలకుండా వేలాడుతోంది. దానివైపు ఎవరూ చూడలేదు.

మళ్ళీ వాయుగుండం వచ్చింది. పొద్దున్న మామూలు ముసురే. మధ్యాహ్నానికి ఆకాశం కిందకు దిగిపోయింది. బడి వదిలేయమని చెప్పేసరికే మా వీధిలో నీళ్ళు. పైనుంచి వాన నీరు, కిందనుంచి పోటు నీరు, రెండూ సందులో కలిశాయి. పక్కనే పలకలు లేచిపోయిన కాలువ ఎక్కడుందో కనపడటం లేదు. కరెంటు పోయింది. సాయంత్రం బడి వదిలే వేళకే చీకటి పడ్డట్టయింది. ఆ రోజు గేటు దగ్గర వంతు నాది కాబట్టి నేను బడిలోనే ఇరుక్కుపోయాను.

క్వార్టర్స్ వాళ్ళకు పైదారి ఉంది. వచ్చి తమ పిల్లల్ని తీసుకెళ్ళి ఇళ్ళలో దించారు. అక్కడితో వాళ్ళ పని అయిపోయింది. ఇంట్లోనే ఉండిపోవచ్చు. ఉండలేదు. మోహనకృష్ణగారు ప్యాంటు మోకాళ్ళ పైకి మడుచుకుని, మరికొందరిని వెంటబెట్టుకుని తిరిగి వచ్చారు. కామేశ్వరిగారు చీర దోపుకుని వచ్చింది.

"ఒడ్డు పిల్లలు ఎలా వెళ్తారండీ మరి?" అంది, అడగడం కూడా అనవసరం అన్నట్టు.

కిందనుంచి అప్పలసూరి కేక వేశాడు. మావాళ్ళు అటునుంచి వరస కడుతున్నారు, గోడను ఆనుకుని. ఇటునుంచి క్వార్టర్స్ వాళ్ళు దిగారు. నడుము లోతు నీళ్ళు. మధ్యలో, ఎప్పటిలాగే ఖాళీ ఉన్నచోటికి, సిస్టర్ ఇన్నాసమ్మ వెళ్ళి నిలబడింది. గేటు దగ్గర అనూరాధ టీచరూ నేనూ. ఒక్కొక్క పిల్లను ఎత్తి ఇచ్చాం. అందింది, అందింది, అందింది అంటూ మాట వానలోకి దిగిపోయేది. కొంతదూరం వెళ్ళాక అదే మాట అందినాది అయ్యేది. చివర ఏ తల్లో అరిచేది. అప్పుడు తర్వాతి పిల్ల.

ఆఖర్న ఆశ మిగిలింది. చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఎవులికీ ఇవ్వను."

నేను బతిమాలాను, తిట్టాను. టీచరు బతిమాలింది. నీళ్ళు గేటు మెట్టు ఎక్కుతున్నాయి. చివరికి అనూరాధ టీచరు వానలోకి కేకేసి సిస్టర్‌ను పిలిచింది. "నేను పైకి వెళ్తున్నాను, మీరు దగ్గరికి జరగండి!" అని సిస్టర్ రెండు పక్కలవాళ్ళకీ చెప్పి, గోడ పట్టుకుని వచ్చేసింది.

ఆశ ముందు మోకాళ్ళమీద కూర్చుంది. ఆవిడ తలగుడ్డనుంచి నీళ్ళు కారుతున్నాయి. "మీ నాన్న వస్తాడో రాడో నేను చెప్పలేను ఆశా. అబద్ధం ఆడను. కింద మీ అమ్మ చేతులు చాపుకుని నిలబడి ఉంది. అది మాత్రం నేను చూశాను."

ఆశ ఆవిడ భుజం మీదుగా సందులోకి చూసింది. చూస్తూ చూస్తూ దాని మొహం విప్పారింది.

"అదిగో, నాన్న! వరసలోనే ఉన్నాడు మామ్మా!"

వెంటనే రెండు చేతులూ ముందుకు చాపింది. మొదట నిలబడ్డ మోహనకృష్ణగారు అదే అదనుగా అందుకున్నారు. నేను దాని గౌను అంచు పట్టుకున్నాను. తడి బట్ట, జారిపోయింది.

"అందింది," అన్నారాయన.

తర్వాత ఇంకొకాయన. అందింది. తర్వాత కామేశ్వరిగారి గొంతు, వణుకుతూ. అందింది.

తర్వాత, "అందినాది."

కొంచెం బొంగురుగా ఉంది ఆ గొంతు, ఎన్నాళ్ళనుంచో గాలికి ఎదురు కేకలు వేసినట్టు. ఆ గొంతుకు మొదటి మాట నేర్పింది నేను.

తర్వాత ఏమీ లేదు. వాన చప్పుడు. నీళ్ళ చప్పుడు. తర్వాత అందుకోవలసినవాడి మాట రాలేదు.

సిస్టర్ నా మోచెయ్యి పట్టుకుంది. "అక్కడ నిలబడింది నేనే కదా," అంది నెమ్మదిగా. "నేనిక్కడున్నాను. మరి అక్కడ ఎవరున్నారు?"

నేను గేటు ఊచలు పట్టుకున్నాను. వాడు ఇక్కడే ఉన్నాడు, నాలుగిళ్ళ దూరంలో, నడుము లోతు నీళ్ళలో. రా నాయనా, పైకి రా, పొడి బట్ట ఇస్తాను అని పిలవాలనిపించింది. పిలిస్తే వస్తాడేమో. లేకపోతే పిలుపుకు వెనక్కి తిరిగి, తిరిగినప్పుడు చేతిలో ఉన్నదాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటాడేమో. ఎవరినీ వెనకనుంచి పిలవని దాన్ని, ఆ రోజు నాకున్న ఊపిరంతా పెట్టి అరిచాను.

"ఒరే సింహాద్రీ! గుంటని ఒగ్గీరా! కిందోడికి అందించీ నాయినా! అది నూకాలుకి కావాల! నువ్వెల్లిపో! ఎల్లిపో నాయినా!"

వాన అలాగే పడుతోంది. టీచరు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సిస్టర్ పెదవులు కదులుతున్నాయి.

అప్పుడు అప్పలసూరి గొంతు. "అందినాది!"

ఆ తర్వాత ఒకటి, ఇంకొకటి, దూరమవుతూ. అన్నిటికంటే చివర, సన్నగా, ఏడుస్తూ నవ్వుతున్నట్టు నూకాలు గొంతు వినిపించింది. అందినాది.

మర్నాడు వాన తెరిపిచ్చింది. అందరం బడిలో నీళ్ళు తోడుతున్నాం. బకెట్లు కూడా చేతివరసలోనే వాకిలి దాటుతున్నాయి. కామేశ్వరిగారు ఉన్నట్టుండి అడిగింది.

"ఏవండీ సూరిగారూ, మీవాళ్ళలో నిన్న నా పక్కన నిలబడ్డాయన ఎవరండీ? చెయ్యి ఐసుగడ్డలా ఉంది. పాపం జ్వరమేమో, మాత్ర ఇద్దామనుకున్నాను."

అప్పలసూరి బకెట్ పట్టుకుని ఆగాడు. "మావోడేటమ్మా? మీవోడు కాదేటి?"

"లుంగీ కట్టుకున్నాడు, తలకి తువ్వాలు. మా వాళ్ళు లుంగీలతో వచ్చారా ఏవిటండీ?"

"నాకు గుంటనిచ్చినోడు ఏటన్నాడో వానలో ఇనపడనేదు. బావా, ఇచ్చీ అన్నాను, పలకనేదు. గుంటని అట్టుకునే ఉన్నాడు. క్వార్టర్సోడు, మనతోటి మాటాడ్డం నామోషీయేమో అనుకున్నాను."

"మేం మాట్లాడమా? మేమా?" అన్నారు మోహనకృష్ణగారు. "నిన్న నీతో అరిచి అరిచి నా గొంతు పోయింది బావా!"

ఎవరో నవ్వారు. ఇంకెవరూ అందుకోలేదు. సిస్టర్ వెళ్ళిపోయిన తర్వాత దగ్గరికి జరిగింది అవతలివాళ్ళని ఇటువాళ్ళూ, ఇటువాళ్ళని అటువాళ్ళూ అనుకున్నారు. ఎవరూ జరగలేదు. రెండు పక్కలవాళ్ళూ ఆ మనిషి మొహం చూడలేదు. తమవాడు కాడనీ, అవతలివాళ్ళ మనిషనీ అనుకున్నారు.

"ఎలా ఉంది ఆ చెయ్యి?" అని అడిగింది సిస్టర్ అప్పలసూరిని.

వాడు కుడిచెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. సింహాద్రీ వాడూ చిన్నప్పటినుంచీ ఒకే వల లాగినవాళ్ళు. బకెట్ కింద పెట్టి, చర్చి వెనక్కి వెళ్ళి చాలాసేపు రాలేదు.

ఆశ ఆ సాయంత్రం నాతో అంది. "నాన్న నన్ను గట్టిగా అట్టుకున్నాడు మామ్మా. సల్లగా ఉన్నాడు. నువ్వు అరిసినావు కదా, అప్పుడు ఒగ్గీసినాడు."

"ఏటన్నాడు?"

"ఏటీ అననేదు. నీ ఏపు సూసినాడు."

వాడు నావైపు చూశాడట. నాకు కనపడింది చీకటి, వాన.

తర్వాత ఆశ గేటు దగ్గర ఎవరికంటే వాళ్ళకి చెయ్యి ఇచ్చేది. ఒకరోజు కామేశ్వరిగారికి ఇచ్చి వాళ్ళింట్లో ఉప్మా తిని వచ్చింది. వెనక గేటు రేకు చప్పుడు చెయ్యడం మానేసింది. గాలి గట్టిగా వీచిన రోజుల్లో కూడా చెయ్యలేదు. కర్మ చెయ్యడానికి మా కులపెద్దలు ఇంకా ఆగుదాం అన్నారు. అక్కర్లేదని నేనే చెప్పాను. నూకాలు నా మొహం చూసి, ఏమీ అడక్కుండా, గాజులు తీసి నా ఒడిలో పెట్టింది. పెద్దకర్మ నాడు బడికి సెలవిచ్చారు. టీచర్లు వచ్చారు, క్వార్టర్స్ వాళ్ళు వచ్చారు. సిస్టర్ ఇన్నాసమ్మ మా వాకిట్లో చాపమీద కూర్చుని, వచ్చిన అందరికీ మంచినీళ్ళు అందించింది.

కిందటేడు కార్తీకమాసంలో వేటకు వెళ్ళిన నా కొడుకు సింహాద్రి తిరిగి రాలేదు. ఆ బోటులో వెళ్ళినవాళ్ళు ఎవరూ రాలేదు.